పాత స్ప్లెండర్‌కి సోకులు: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ చేతులు కట్టుకోవాలి

మా నాన్న 2005లో కొన్న స్ప్లెండర్ ప్లస్ ఇప్పుడు నా చేతికొచ్చింది. వచ్చేనాటికి ట్యాంకు మీద స్టిక్కరు సగం లేచిపోయింది. సీటు మధ్యలో గుంట పడింది. ఒకసారి వర్షంలో నానితే ఆ స్పాంజి రెండు రోజులదాకా ప్యాంటు తడుపుతూనే ఉండేది. అమ్మేద్దామంటే వచ్చే డబ్బు ఓ మంచి ఫోనుకు కూడా చాలదు. పైగా కిక్కు కొడితే రెండో దెబ్బకి ఇప్పటికీ స్టార్టవుతుంది. అలాంటి బండిని అమ్ముకోవడానికి మనసొప్పలేదు. ఆదివారాల్లో, ఇంటి దగ్గరే, తక్కువ ఖర్చులో మళ్ళీ ముద్దుగా చేసుకుందామని దిగాను. చాలావరకు కుదిరింది. ఒక పని మాత్రం ఘోరంగా బెడిసికొట్టింది, ఆ కథ రంగు దగ్గర చెబుతాను.

స్ప్లెండర్ మన రోడ్ల మీదికి 1994లో వచ్చింది. ఆ తర్వాత హీరో, హోండా విడిపోయాయి, కంపెనీ పేరు మారింది, బండి మాత్రం అదే 97.2 సీసీ ఇంజన్, అవే 18 అంగుళాల చక్రాలతో ఏళ్ళ తరబడి నడిచింది. దీనివల్ల మనకో లాభం ఉంది. మండల కేంద్రంలో ఉండే చిన్న స్పేర్ పార్టుల కొట్లో కూడా దీని సామాను దొరుకుతుంది. హైదరాబాద్ పుత్లీబౌలి లాంటి చోటికి వెళితే ఒక్కో భాగానికి నాలుగైదు రకాలు చూపిస్తారు. ఒరిజినల్, దానికన్నా కాస్త తక్కువది, మరీ చవకది అని వరసగా పెడతారు. ఏది కావాలో మనమే తేల్చుకోవాలి, చిక్కంతా అక్కడే.

మీ దగ్గరున్నది యమహా ఆర్‌ఎక్స్ 100 అయితే మాత్రం నేను చెప్పేవాటిలో సగం పక్కన పెట్టండి. 1985లో మొదలై 1996లో ఆగిపోయిన బండి అది. దాని ఒరిజినల్ సామానుకి ఉన్న గిరాకీ చూస్తే, పాత ఇండికేటర్ గ్లాసు కూడా పారేయబుద్ధి కాదు. దానికి సోకులు చేయడం కన్నా ఉన్నది ఉన్నట్టు కాపాడుకోవడమే లాభం.

మూడు దారులు

పాత బండిని బాగు చేద్దామనుకునేవాళ్ళ ముందు మామూలుగా మూడు దారులుంటాయి. ఒకటి, షోరూం నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చేయడం. రెండు, కెఫే రేసర్ అనో బాబర్ అనో రూపమే మార్చేయడం. మూడు, బండి బండిలాగే ఉంటుంది, సీటు, హ్యాండిల్, లైటు, టైరు, రంగు లాంటివి మాత్రం మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం.

మొదటిది ఓపికున్నవాళ్ళ పని. ఒక్కో క్రోమ్ ముక్క కోసం వారాల తరబడి తిరగాలి, ఖర్చు కూడా చెప్పకుండా పెరుగుతుంది. రెండోది వీడియోల్లో చూడడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. వెనక ఫ్రేము కోసేస్తారు, మడ్‌గార్డు పీకేస్తారు, ఒక్కడే కూర్చునే సీటు పెడతారు. ఆ కోసిన ఫ్రేమును మళ్ళీ అతికించే మార్గం ఉండదు. అతికించినా వెల్డింగ్ ఎక్కడ విరుగుతుందో తెలియదు. చట్టం సంగతి సరేసరి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసున్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు శిక్ష, లేదా రెండూ వేసే వీలు పెట్టారు. జరిమానా ఒక్కో మార్పుకి అన్నది గమనించండి. ఆర్‌సీలో బండి రంగు ఉంటుంది, ఎంతమంది కూర్చోవచ్చో కూడా ఉంటుంది. ఇద్దరి బండిని ఒకరి బండిగా చేస్తే ఆ కాగితానికీ బండికీ పొత్తు కుదరదు.

నేను మూడో దారిలో వెళ్ళాను. స్పానరుతో విప్పి మళ్ళీ స్పానరుతోనే బిగించగలిగిన పనైతేనే చేయాలని పెట్టుకున్నాను. కటింగ్ మిషను అవసరం పడితే ఆ ఆలోచన అక్కడికి ఆపేయాలి. కింద చెప్పే పోలికలన్నీ ఆ లెక్కలోనే.

ముందు ఒళ్ళు చూడాలి

రంగు డబ్బాలు కొనుక్కుని ఉత్సాహంగా మా వీధి మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన డబ్బాల వంక కూడా చూడలేదు. బండి డబుల్ స్టాండు వేసి, వెనక సీటు మీద నన్ను కూర్చోమన్నాడు. ముందు చక్రం గాల్లోకి లేచింది. హ్యాండిల్ చివర ఒక్క వేలు పెట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పాడు. సరిగ్గా మధ్యకి రాగానే టక్కున ఏదో గాడిలో పడ్డట్టు ఆగింది.

"చూశావా తమ్ముడూ, కోన్‌సెట్ పోయింది. దీన్నొదిలేసి రంగేస్తే పెళ్ళికొడుకుని చేసి కుంటించినట్టుంటది."

కోన్‌సెట్ అంటే హ్యాండిల్ తిరిగే చోట లోపల ఉండే బేరింగు. ఈ పరీక్ష మీరే చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. మధ్యలో ఆగకుండా హ్యాండిల్ నూనె రాసినట్టు తిరగాలి. ఆగుతోందంటే లోపల బాల్స్ నడిచే దారిలో గుంటలు పడ్డాయన్న మాట. కొత్త కోన్‌సెట్టూ కూలీ కలిపి నాకు 700 అయింది. దాంతోపాటే ముందు ఫోర్కులో, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు ఆపే గొట్టాల్లో, ఆయిల్ మార్పించి, ఆయిల్ సీళ్ళు వేయించాను, 600. పాత ఆయిల్ బయటికి తీస్తే మురుగు కాలువ నీళ్ళలా వచ్చింది. కొత్తది పోశాక స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రం దబ్బున పడడం మానేసింది. నేను చేయించిన పనులన్నిటిలో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. బయటికి ఏమీ కనపడదు కాబట్టి ఎవరూ మెచ్చుకోరు, అది వేరే సంగతి. ఈ రెండూ ఇంట్లో చేయొద్దు. కోన్‌సెట్టు గిన్నెలు కొట్టి ఎక్కించాలి, అనుభవం లేకపోతే వంకరగా దిగుతాయి.

ఇంట్లో చేసుకోదగ్గ మొదటి పని రబ్బర్లు. హ్యాండిల్ గ్రిప్పులు, ఫుట్‌రెస్టు రబ్బర్లు, కిక్ రాడ్ రబ్బరు అన్నీ కలిపి 450. పాత గ్రిప్పు రాకపోతే బ్లేడుతో నిలువునా చీల్చేయండి. కొత్తది ఎక్కించేటప్పుడు లోపల కాస్త సబ్బునీళ్ళు రాస్తే జారుతూ వెళుతుంది, ఆరాక పట్టేస్తుంది. నూనె మాత్రం రాయకండి. జీవితాంతం గ్రిప్పు తిరుగుతూనే ఉంటుంది.

సీటు: కవరా, స్పాంజా, కొత్తదా?

మూడు ధరలున్నాయి. పైన తొడిగే కవరు అన్నిటికన్నా చవక. స్పాంజి గట్టిగా ఉండి, రెగ్జిన్ మాత్రమే చిరిగితే అది చాలు. నా సీటులాగా స్పాంజి కుంగిపోతే కవరు వేసినా లాభం లేదు, గుంట మీద దుప్పటి కప్పినట్టే. రెండోది, ఉన్న సీటు బేసు మీదే కొత్త స్పాంజి వేయించి రెగ్జిన్ కుట్టించడం. మూడోది, కొట్లో దొరికే కొత్త సీటు.

కొత్త సీటు తెచ్చుకుంటే పని తేలిక, బోల్టులు విప్పి మార్చేయడమే. కానీ చవక సీట్లలో స్పాంజి మెత్తగా ఉంటుంది. కొట్లో చేత్తో నొక్కితే "అబ్బ, ఎంత బాగుందో" అనిపిస్తుంది. నలభై కిలోమీటర్లు కూర్చుంటే కింద రేకు తగులుతుంది. సీటు కుట్టేవాడి దగ్గర అయితే మనకు కావలసిన గట్టిదనం అడగొచ్చు. నేను కింద గట్టి పొర, పైన సన్నటి మెత్తటి పొర వేయించుకుని, వెనక భాగం అరంగుళం పల్చగా చేయించాను. అమ్మ ఎక్కడానికి వీలుగా ఉంటుందని. 900 తీసుకున్నాడు, సాయంత్రానికి ఇచ్చేశాడు. కుట్లు పైభాగంలో పడకుండా పక్కలకి రమ్మని చెప్పండి. పైన కుట్టు ఉంటే వాన నీళ్ళు దారం పట్టుకుని లోపలికి దిగుతాయి. నా పాత సీటు రెండు రోజులు తడిపింది అందుకే.

సీటు మారుస్తున్నాం కదా అని వెనక శారీ గార్డ్, పట్టుకునే కడ్డీ పీకేయాలనిపిస్తుంది. అవి లేకపోతే బండి నాజూగ్గా కనపడుతుందన్నది నిజమే. కానీ వెనక కూర్చునేవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలని, పట్టుకోవడానికి పిడి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. చున్నీ చక్రంలో చుట్టుకుని పడిపోయినవాళ్ళ వార్త చదవని ఏడాది ఉండదు. ఇక్కడ నాకు రెండో అభిప్రాయం లేదు.

హ్యాండిల్

నా హ్యాండిల్ ఎప్పుడో పడ్డప్పుడు వంగింది. ఎడమ చెయ్యి కాస్త ముందుకి ఉండేది. ఒరిజినల్ ఆకారంలో కొత్తది 550. దీని బదులు వెడల్పు హ్యాండిల్ గానీ, స్పోర్ట్స్ బండిలా కిందికి వంగే రకం గానీ వేయించుకోమని కొట్టువాడు ఊరించాడు.

వెడల్పుది ఎత్తు మనుషులకు, ఖాళీ రోడ్లకు బాగుంటుంది. మన ఊళ్ళ సందుల్లో, పార్కింగ్‌లో రెండు బండ్ల మధ్య నుంచి తీసేటప్పుడు పక్కవాడి అద్దం తగిలించుకుని పోతుంది. కిందికి వంగినది చూపుకి బాగుంటుంది, అరగంటకి మణికట్లు నొప్పెడతాయి. పూర్తిగా తిప్పితే వేళ్ళు ట్యాంకుకి నొక్కుకుంటాయి కూడా. స్నేహితుడి దగ్గర వెడల్పుది అడిగి తెచ్చి ఒక వారం వేసి చూశాను. వారం తర్వాత కిక్కురుమనకుండా ఒరిజినల్ ఆకారానికే వచ్చాను.

ఏది వేసినా ఒక పరీక్ష తప్పనిసరి. బండి న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఐడిల్‌లో వదిలేసి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, తర్వాత పూర్తిగా కుడికి తిప్పండి. ఇంజన్ చప్పుడు పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటోందని అర్థం. అలాగే రోడ్డెక్కితే యూ టర్న్ మధ్యలో బండి తనంతట తనే దూకుతుంది. హ్యాండిల్ ఎత్తు, వెడల్పు పెరిగితే కేబుళ్ళు కూడా పొడుగువి కావాలి. ఆ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు.

లైటు: ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు

పాత స్ప్లెండర్ హెడ్‌లైటు బ్యాటరీ మీద వెలగదు. ఇంజన్ తిరుగుతుంటే మాగ్నెటో పుట్టించే ఏసీ కరెంటు తిన్నగా బల్బుకి వెళుతుంది. అందుకే సిగ్నల్ దగ్గర ఆగితే లైటు దీపంలా మినుకుమంటుంది, యాక్సిలరేటర్ ఇస్తే వెలుగు పెరుగుతుంది. ఇది రిపేరు కాదు, దాని తత్వం. ఈ ఒక్క విషయం తెలిస్తే కొట్లో సగం డబ్బు మిగులుతుంది.

మొదటి దారి, చవక ఎల్‌ఈడీ బల్బు తెచ్చి పాత డోములో, అంటే బల్బు కూర్చునే హెడ్‌లైటు గిన్నెలో, పెట్టేయడం. డీసీకి, అంటే బ్యాటరీ కరెంటుకి, చేసిన బల్బయితే ఐడిల్‌లో టపటపా కొట్టుకుంటుంది, కొన్నాళ్ళకి పోతుంది. ఏసీ, డీసీ రెండింటికీ పనిచేసే రకాలు అమ్ముతారు, అవి వెలుగుతాయి. అయితే అసలు సమస్య వేరు. ఆ డోములోని అద్దం పాత బల్బులో సన్నటి తీగ ఉండే చోటుని బట్టి చేసింది. ఎల్‌ఈడీలో వెలుగు పుట్టే చోటు వేరు. దాంతో వెలుతురు రోడ్డు మీద పడాల్సింది చెట్ల మీద, ఎదురుగా వచ్చేవాడి కళ్ళలో పడుతుంది. మనకి తెల్లగా, గొప్పగా కనిపిస్తుంది. గుంత మాత్రం కనపడదు.

రెండో దారి, బ్యాటరీ నుంచి వైరు లాగి అదనపు ఫాగ్ లైట్లు పెట్టడం. లెక్క వేయండి. కిక్కు స్ప్లెండర్ బ్యాటరీ 12 వోల్టులు, 2.5 ఆంపియర్ అవర్లు. అంటే నిండుగా ఉన్నప్పుడు మొత్తం సరుకు 30 వాట్ అవర్లు. ఇరవై వాట్ల లైట్లు రెండు వేస్తే, ఛార్జింగ్ అందకపోతే ముప్పావు గంటకి ఖాళీ. పాత బ్యాటరీ అంతసేపు కూడా ఆగదు. ఛార్జింగ్ వస్తుంది కదా అంటారు. ఆ చిన్న ఏర్పాటు హారన్‌కీ ఇండికేటర్లకీ సరిపోయేలా చేసింది, ఊరేగింపు లైట్లకి కాదు.

మూడో దారి విసుగ్గా ఉంటుంది, నేను చేసింది అదే. పాత డోము విప్పి చూస్తే లోపల వెండిపూత పొగచూరిన లాంతరు గ్లాసులా ఉంది. డోమూ, కంపెనీ చెప్పిన 35 వాట్ల మంచి బల్బూ కలిపి 650. కొత్తది బిగించే ముందు ఎర్తు వైరు ఫ్రేముకి తగిలే చోట తుప్పుని ఎమరీ పేపరుతో మెరిసేదాకా గీకాను. పాత బండ్లలో వెలుగు తగ్గడానికి చాలాసార్లు బల్బు కాదు, ఈ తుప్పే కారణం. బిగించాక రాత్రి గోడ ముందు పెట్టి, లో బీమ్ మరీ పైకి పోకుండా సరిచేసుకున్నాను. కొత్త బండ్ల ఎల్‌ఈడీ అంత వెలుగు రాదు, ఒప్పుకుంటాను. రోజూ రాత్రిపూట హైవే మీద తిరిగేవాళ్ళకి ఇది చాలదు. అలాంటివాళ్ళు పాత బండికి లైట్లు కడుతూ కూర్చోకుండా ఆ ప్రయాణానికి వేరే బండి చూసుకోవడం మేలు.

టైర్లు

ఈ బండికి ముందూ వెనకా వచ్చేది 2.75-18 సైజు. వెనక 3.00-18 వేయించుకోవడం చాలా ఊళ్ళలో మామూలే, నేనూ వేయించాను, ట్యూబుతో కలిపి 2,000. గతుకుల్లో కాస్త మెత్తగా ఉంది, వెనక కూర్చునేవాళ్ళు తేడా చెప్పారు. ఎత్తు పెరిగేది రెండు శాతం అటూ ఇటూ. స్పీడోమీటరు కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది కాబట్టి వెనక టైరు మార్పు దాని మీద పడదు. అంతకన్నా లావు టైరు పెడితే బండి గంభీరంగా కనపడుతుంది కానీ సన్నటి రిమ్ము మీద టైరు బుడగలా ఉబ్బుతుంది, చైన్ గార్డుకి రాసుకుంటుంది. వద్దు. అచ్చంగా ఒరిజినల్ సైజే ఉంచుకున్నా నష్టమేమీ లేదు. మైలేజీ ముఖ్యమైతే అదే మంచిది.

కొనేటప్పుడు టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని. కొట్లో ఏళ్ళ తరబడి ఎండకి వేలాడిన టైరుని డిస్కౌంటులో అంటగట్టడం కొత్తేమీ కాదు.

రంగు: నా ఏప్రిల్ నెల ప్రహసనం

రంగుకి నాలుగు దారులు. పాలిష్ చేసి ఊరుకోవడం, వినైల్ స్టిక్కరు చుట్టించడం, స్ప్రే డబ్బాతో ఇంట్లో కొట్టుకోవడం, పెయింటరుకి ఇవ్వడం.

మొదట ఒక చిన్న పరీక్ష. వెలిసిపోయిన చోట తడిగుడ్డతో తుడవండి. తడిగా ఉన్నంతసేపు పాత మెరుపు కనిపిస్తే రంగు ఇంకా బతికే ఉంది. రబ్బింగ్ కాంపౌండు పెట్టి ఓపిగ్గా రుద్ది, మీద మైనం పాలిష్ పెడితే చాలు. తడిపినా తెల్లగానే ఉంటే, గీతలు రేకుదాకా దిగితే అప్పుడు రంగు సంగతి చూడాలి. నా బండి సైడ్ ప్యానెళ్ళూ ట్యాంకూ రెండో రకం. ఆర్‌సీలో నలుపు ఉంది కాబట్టి నలుపు మీద నలుపే అనుకున్నాను. వేరే రంగు వేయాలంటే ఆర్‌టీవో ఆఫీసుకెళ్ళి ఆర్‌సీలో మార్పించుకోవాలి. ఆ తిరుగుడు ఇష్టమైతే సరే.

డాబా మీద, ఏప్రిల్ నెలలో మొదలుపెట్టాను. అదే మొదటి తప్పు. ట్యాంకు విప్పి, పెట్రోలు పూర్తిగా తీసి, మూత తెరిచి గాలికి ఆరబెట్టాను. ఒకమాట ఇక్కడే చెప్పాలి. పెట్రోలు తీసేసిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపల ఆవిరి నిండి ఉంటుంది. గ్యాస్ పొయ్యి, సిగరెట్టు, దేవుడి దీపం ఏదీ దగ్గర ఉండకూడదు. దాని మీద గ్రైండరు పెట్టడం, సొట్ట తీయడానికి వెల్డింగ్ చేయించడం లాంటి ఆలోచన కూడా చేయకండి. 400 నంబరు వాటర్ పేపరుతో రుద్ది, ప్రైమర్ కొట్టి, నలుపు మొదలుపెట్టేసరికి పదకొండయింది. రేకు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. డబ్బాలోంచి వచ్చిన తుంపర రేకుని తాకేలోపే ఆరిపోయి ఇసక చల్లినట్టు పడింది. తడిమితే గరుకు కాగితం. పైగా గాలికి ఆ నల్లటి పొగ పక్కింటి డాబా మీదికి పోయింది. అక్కడ పిన్నిగారు సగ్గుబియ్యం వడియాలు ఆరబెట్టుకున్నారు. ఆ తర్వాత నేను విన్న మాటలు ఇక్కడ రాయలేను.

మర్నాడు పొద్దున్నే లేచి, 1000 నంబరు పేపరుతో గరుకంతా తీసి, చల్లటి వేళలో మళ్ళీ రెండు పూతలు, మీద మెరుపు కోసం రంగులేని మామూలు క్లియర్ డబ్బా కొట్టాను. నిజం చెప్పాలంటే అద్భుతంగా వచ్చింది. నాలుగు రోజులు ఆరనిచ్చి బిగించి, వీధంతా చూపించుకున్నాను.

మూడో వారం బంకులో పెట్రోలు పోసే కుర్రాడు పైపు తీస్తుంటే నాలుగు చుక్కలు మూత పక్కన పడ్డాయి. గుడ్డతో తుడిచేశాను. ఇంటికొచ్చి చూస్తే మూత చుట్టూ రంగు పాల మీద మీగడలా ముడతలు పడి ఉంది. వేలితో అంటే జిగటగా ఊడి వచ్చింది. కింద ప్రైమర్ కనపడింది. డబ్బాలకే 1,400 పెట్టాను, అంతా పోయింది.

తర్వాత పెయింటరు విడమరచి చెప్పాడు. మామూలు డబ్బా రంగు థిన్నరు ఆవిరైపోతేనే ఆరుతుంది. దాని మీద పెట్రోలు పడితే మళ్ళీ కరుగుతుంది. షాపులో కొట్టే పీయూ (పాలీయురేథేన్) రంగు, దాని మీది క్లియరు హార్డెనర్ కలిపి కొడతారు. అది లోపల రసాయన చర్యతో గట్టిపడుతుంది కాబట్టి ఆరాక పెట్రోలు దాన్ని కరిగించలేదు. హార్డెనర్ ఉన్న డబ్బాలూ దొరుకుతాయి, కింద మీట నొక్కితే లోపల కలుస్తుంది. కానీ ఆ తుంపరలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకి మంచిది కాదు. రుమాలు కట్టుకుని, మామూలు మాస్కు పెట్టుకుని కొట్టే సరుకు కాదది. సరైన ఫిల్టరు మాస్కు కొనడం, రంగు తేడా వస్తే మళ్ళీ కొనడం చూసుకుంటే పెయింటరుకి ఇచ్చిందే చవక. ట్యాంకు ఒక్కటీ 1,800కి చేశాడు. నేను తెచ్చిన 250 రూపాయల స్టిక్కరు సెట్టుని రంగు మీద అంటించి, దాని మీద క్లియర్ కొట్టాడు. అందుకే అంచులు లేవలేదు.

సైడ్ ప్యానెళ్ళ సంగతి వేరు. వాటి మీద పెట్రోలు పడదు. ప్లాస్టిక్కు కాబట్టి సొట్టలుండవు, చిన్నవి, తీగకి వేలాడదీసి కొట్టొచ్చు. వీటిని జనవరిలో, మంచు ఆరాక పదింటికి, నేనే డబ్బాతో కొట్టాను. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, 800 పేపరుతో మెరుపు తీసి, ప్లాస్టిక్ ప్రైమర్ వేసి, జానెడు దూరం నుంచి పల్చటి పూతలు. చెయ్యి ఆపకుండా కదులుతూ ఉండాలి, ఒకచోట ఆగితే కారుతుంది. 700 అయింది. ఇప్పటికీ బాగున్నాయి. వానాకాలంలో మాత్రం వద్దు, గాలిలో తేమకి రంగు మీద పాలు పోసినట్టు తెల్లటి పొర వస్తుంది.

కాబట్టి రంగులో నా తీర్పు ఇది: ట్యాంకు పెయింటరుకి, ప్లాస్టిక్కు మనకి. వినైల్ చుట్టిస్తే ట్యాంకు వంపుల దగ్గర ముడతలు పడుతుంది, మూత దగ్గర అంచు మెల్లగా లేస్తుంది. చదునుగా ఉండే ప్యానెళ్ళకైతే బాగానే ఉంటుంది.

సైలెన్సరు

లోపలి జాలీ తీసేయడం, ఇంకో బండిది బిగించడం చేయకండి. కార్బొరేటర్ సెట్టింగ్ చెడుతుంది. 100 సీసీ బండి డబడబలాడితే వినేవాళ్ళకి నవ్వొస్తుంది. శబ్ద కాలుష్యానికి చట్టంలో 10,000 దాకా జరిమానా ఉంది. పట్టుకున్న సైలెన్సర్లను పోలీసులు వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించే ఫొటోలు మీరూ చూసే ఉంటారు. తుప్పు పట్టిందా, తేలికదైతే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని ఉండలా చుట్టి, నీళ్ళలో ముంచి క్రోమ్ మీద రుద్దండి. ఆశ్చర్యపోయేంత పోతుంది. ముదిరితే వేడికి ఆగే నలుపు డబ్బా తెచ్చి కొట్టుకోవచ్చు.

జేబుని బట్టి

నా మొత్తం ఖర్చు 8,600, బూడిదలో పోసిన ఆ 1,400 కాకుండా. మా ఊళ్ళో నాకు పడిన ధరలివి, మీ దగ్గర కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. చేతిలో రెండు వేలే ఉంటే కోన్‌సెట్టు, ఫోర్క్ ఆయిల్, రబ్బర్లు. ఇంకో పదిహేను వందలు ఉంటే సీటూ లైటూ. టైరు అరిగి ఉంటే మాత్రం వీటన్నిటికన్నా ముందు అదే, చర్చ లేదు. రంగు చివరికి. అప్పటికి డబ్బు అయిపోతే పాలిష్‌తో సరిపెట్టుకోండి. తుడిచి పెట్టిన పాత రంగు, అంచు లేచిన కొత్త రంగు కన్నా మర్యాదగా ఉంటుంది.

విప్పిన పాత సామాను పారేయలేదు. వంగిన హ్యాండిల్ తప్ప మిగతావన్నీ ఒక గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాను. ఏది ఎక్కడి బోల్టో గుర్తుండదు కాబట్టి, ఒక్కో పొట్లం మీద మార్కరుతో రాసి పెట్టాను. పదిహేనేళ్ళు దాటిన బండిని ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలి కదా. ఆయన దేన్నైనా వేలు పెట్టి చూపిస్తే, మర్నాడు పాతది బిగించి తీసుకెళ్ళొచ్చు.